ఫొటోగ్రఫీ కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కెమెరా కొత్తగా చేతికొచ్చినవాళ్ల ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. నేనూ ఒకప్పుడు ఇవే అడిగాను. కొన్నిటికి తప్పుడు జవాబులు నమ్మి ఏడాది పోగొట్టుకున్నాను కూడా. మన కన్ను చూసినట్టు కెమెరా చూడదు, కొత్తవాళ్ల ఇబ్బందుల్లో సగానికి పైగా మూలం అక్కడే ఉంది. ఆ తేడా ఎక్కడెక్కడ వస్తుందో పట్టుకుంటే బటన్ల సంగతి వారంలో తేలిపోతుంది. కింది ప్రశ్నలు వరసగా చదవక్కర్లేదు, మీకు ఇబ్బందిగా ఉన్న చోటు నుంచి మొదలుపెట్టండి.

నేర్చుకోవడానికి కెమెరా కొనాల్సిందేనా? ఫోన్ సరిపోదా?

సరిపోతుంది. వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఫ్రేములోకి ఏది రావాలి, ఏది రాకూడదు, ఎప్పుడు నొక్కాలి అన్నవి ఫోన్‌తోనూ నేర్చుకోవచ్చు. అసలు కష్టమైనవి అవే. ఇక ఫోన్‌తో చిక్కు ఎక్కడంటే, చాలా ఫోన్లలో ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) మార్చుకునే వీలుండదు. దూరంగా కొమ్మ మీదున్న పిట్టను తీస్తే రంగుల ముద్ద వస్తుంది. మసక వెలుతురులో పరిగెత్తే పిల్లాడు అలుక్కుపోతాడు. వీటిలో ఏదో ఒకటి మిమ్మల్ని పదే పదే విసిగిస్తుంటే అప్పుడు కెమెరా గురించి ఆలోచించండి.

ఫోన్‌తో మొదలుపెట్టేవాళ్లు ముందు లెన్స్ తుడవాలి. రోజంతా జేబులో, చేతిలో తిరిగే ఫోన్‌కి వేలి జిడ్డు అంటుతూనే ఉంటుంది. రాత్రి ఫొటోల్లో దీపాల నుంచి గీతలు సాగడం, ఫొటో అంతా పొగమంచు పట్టినట్టుండటం చాలాసార్లు ఆ జిడ్డు పనే. తర్వాత, స్క్రీన్ మీద మీకు కావలసిన చోట వేలు ఆనించి రెండు సెకన్లు అలాగే ఉంచండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు అక్కడికి లాక్ అయిపోతాయి. అప్పుడు వేలు పైకీ కిందకీ జరిపితే ఫొటో తేలికగానో ముదురుగానో మారుతుంది. ఇది అలవాటైందంటే ఫొటో ఎలా రావాలో ఫోన్ కాకుండా మీరు నిర్ణయిస్తున్నట్టే.

ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ: ఈ మూడింటి గొడవేంటి?

లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పేది ఎపర్చర్. సెన్సర్ మీద, అంటే కెమెరాలో వెలుగును పట్టే పలక మీద, వెలుగు ఎంతసేపు పడిందో చెప్పేది షట్టర్ స్పీడ్. అలా వచ్చిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపిస్తోందో చెప్పేది ఐఎస్ఓ. ఈ మూడూ కలిసి ఫొటో ఎంత వెలుగుగా రావాలో తేలుస్తాయి. దాన్నే ఎక్స్‌పోజర్ అంటాం.

దీన్ని కుళాయి ఎంత తిప్పాం, ఎంతసేపు వదిలాం అని కుళాయి, బకెట్ పోలికతో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకది ఎప్పుడూ ఎక్కలేదు. బకెట్ నిండాక నీళ్లు సన్నగా వచ్చాయో జోరుగా వచ్చాయో చూసి చెప్పలేం. ఫొటోలో మాత్రం చెప్పొచ్చు. వెలుగు ఏ దారిన వచ్చిందో దాని గుర్తు ఫొటో మీద ఉండిపోతుంది.

ఊయల ఊగుతున్న ఒక పాపను తీస్తున్నారనుకోండి. ఎపర్చర్ ఎఫ్/8, షట్టర్ స్పీడ్ 1/125 (అంటే సెకనులో 125వ వంతు), ఐఎస్ఓ 200 దగ్గర వెలుగు సరిగ్గా కుదిరింది. వెనకున్న చెట్లు ఆకులతో సహా తెలుస్తున్నాయి, కానీ పాప ముఖం కాస్త సాగింది. ఇప్పుడు ఎఫ్/4, 1/500 పెట్టండి. ఐఎస్ఓ ముట్టుకోకండి. వెలుగు అంతే ఉంటుంది, ఎందుకంటే టైమ్ నాలుగో వంతుకు తగ్గింది, రంధ్రం వైశాల్యం నాలుగు రెట్లయింది. పాప ముఖం చెక్కినట్టు వస్తుంది, గాల్లోకి లేచిన జుట్టు పోగులు కూడా తెలుస్తాయి, చెట్లు మెత్తగా కరిగిపోతాయి. చెట్లూ కావాలి, ముఖమూ కావాలి అంటారా? ఎఫ్/8, 1/500 ఉంచి ఐఎస్ఓ 800కి పెంచండి. రెండూ వస్తాయి, నీడల్లో కాస్త ఇసుక చల్లినట్టు నాయిస్ కూడా వస్తుంది.

వెలుగు విషయంలో ఈ మూడూ ఒకటే, చూడ్డానికి మాత్రం మూడు వేర్వేరు ఫొటోలు. వీటిలో ఏది కావాలో కెమెరాకు తెలియదు. దాని లెక్కలో మూడూ కరెక్టే.

ఈ మాటల మధ్యలో 'స్టాప్' అని వినిపిస్తుంటుంది. వెలుగు రెట్టింపైనా సగమైనా అది ఒక స్టాప్ తేడా. 1/125 నుంచి 1/250కి వెళ్తే ఒక స్టాప్ తగ్గింది, ఐఎస్ఓ 200 నుంచి 400కి వెళ్తే ఒక స్టాప్ పెరిగింది. అంతకుమించి అందులో రహస్యం ఏమీ లేదు.

ఎఫ్ నంబర్ చిన్నదైతే రంధ్రం పెద్దదవుతుందట. ఈ తిరకాసు ఎందుకు?

అది భిన్నం కాబట్టి. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద 50 ఎంఎం అని రాసి ఉండే కొలత) రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబర్. 50 ఎంఎం లెన్స్ ఎఫ్/2 దగ్గర రంధ్రం 25 మిల్లీమీటర్లు, ఎఫ్/4 దగ్గర పన్నెండున్నర. కింద సంఖ్య పెరిగితే భిన్నం తగ్గుతుంది, చిన్నప్పటి లెక్కే.

1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరస కూడా ఇక్కడి నుంచే వచ్చింది. వెలుగు రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వైశాల్యం సగం కావాలంటే వ్యాసాన్ని రెండుతో కాదు, దాదాపు 1.4తో భాగించాలి. బట్టీ పట్టాల్సిన పనిలేదు. 1.4, 2 గుర్తుంటే చాలు, మిగతావి వాటిని రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చేస్తాయి, 11 దగ్గర మాత్రం చిల్లర వదిలేశారు.

షట్టర్ స్పీడ్ ఎంత పెట్టాలి?

1838లో, ఫొటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఒకడైన డాగెర్ పారిస్‌లో తన కిటికీలోంచి ఒక వీధిని ఫొటో తీశాడు. బోలెడంత జనం, బళ్లు తిరిగే వీధి అది. ఫొటోలో మాత్రం ఖాళీగా ఉంటుంది. ఎక్స్‌పోజర్ కొన్ని నిమిషాలు పట్టడంతో కదిలినవాళ్లెవరూ ప్లేటు మీద నిలవలేదు. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ మనిషి ఒక్కడే మిగిలాడు. షట్టర్ స్పీడ్ గురించి ఎవరడిగినా నాకు ముందు ఆ బూట్ల మనిషే గుర్తొస్తాడు. మీ వంటగదిలో 1/8 దగ్గర తీసిన ఫొటోలో జరిగేదీ అదే, కాకపోతే చిన్న మోతాదులో.

కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎదుటివాళ్లు ఎంత వేగంగా కదులుతున్నారు? కుదురుగా కూర్చున్న మనిషికి 1/125 చాలు. నడిచేవాళ్లకు 1/250, ఆడుకునే పిల్లలకు 1/500, ఎగిరే పక్షికి 1/1000 దాటి. ఇక మీ చెయ్యి ఎంత కదులుతోంది? దీనికి పాతకాలం లెక్క ఒకటుంది: షట్టర్ స్పీడ్ కనీసం 1/ఫోకల్ లెంగ్త్ ఉండాలి. 200 ఎంఎం లెన్స్‌కి 1/200, 50 ఎంఎంకి 1/50. ఇది ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు, అంటే పాత 35 ఎంఎం ఫిల్ము అంత సెన్సర్ ఉన్నవాటికి. అంతకన్నా చిన్నదైన క్రాప్ సెన్సర్ అయితే ఒకటిన్నరతో గుణించుకోండి, 50 ఎంఎంకి 1/80 అన్నమాట.

లెన్స్‌లోనో బాడీలోనో స్టెబిలైజేషన్ (వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే ఇంకా నెమ్మదిగా తీయొచ్చు. కానీ అది మీ చేతి వణుకునే ఆపుతుంది. ఎదుట గెంతుతున్న పిల్లాడిని ఆపదు.

ఐఎస్ఓ పెంచితే ఫొటో పాడవుతుందా?

నాయిస్ వస్తుంది. ఫొటో పాడవుతుందా అంటే, మీరు దేన్ని పాడవడం అంటారన్న దాన్నిబట్టి ఉంటుంది. నాయిస్ ఉన్నా స్పష్టంగా ఉన్న ముఖాన్ని జనం చూస్తారు, నాయిస్ లేకుండా అలుక్కుపోయిన ముఖాన్ని డిలీట్ చేస్తారు. నాయిస్‌ను ఎడిటింగ్‌లో కొంత తగ్గించుకోవచ్చు. చెయ్యి కదిలి సాగిన ఫొటోను మాత్రం బాగుచేయడం దాదాపు జరగని పని. అందుకే చీకట్లో ఐఎస్ఓ 3200 పెట్టడానికి భయపడకండి.

భయపడాల్సింది మర్చిపోవడానికి. ఒకసారి రాత్రి ఫంక్షన్‌లో ఐఎస్ఓ 6400 పెట్టుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున అదే కెమెరాతో ఒక చెరువు గట్టుకు వెళ్లాను. నీళ్ల మీద లేత వెలుగు, ఆవిరి, ఒక కొంగ. ఎఫ్/8 పెట్టి రెండొందల దాకా కొట్టాను. షట్టర్ 1/1000 చూపిస్తోంది, ఇంత తెల్లవారుజామున అంత వేగం ఎలా వస్తోందని ఒక్కసారైనా అనుమానం రావాలి కదా, రాలేదు. కెమెరా వెనకున్న చిన్న తెర మీద అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఆకాశమంతా రవ్వ పోసినట్టుంది. ఐఎస్ఓ 200 దగ్గర 1/30తో హాయిగా వచ్చేవి. అప్పటినుంచి కెమెరా బ్యాగులోంచి తీయగానే ముందు ఐఎస్ఓ చూస్తాను.

మాన్యువల్ మోడ్‌లో తీస్తేనే ఫొటోగ్రాఫర్ అంటున్నారు. నిజమేనా?

కాదు. ఈ మాట విని ఎంతమంది టెన్షన్ పడి కెమెరా మూలన పెట్టారో. ఎపర్చర్ ప్రయారిటీతో మొదలుపెట్టండి. డయల్ మీద నికాన్, సోనీ కెమెరాల్లో ఏ అనీ, కానన్‌లో ఏవీ అనీ ఉంటుంది. ఎపర్చర్ మీరు పెడతారు, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. ఆటో ఐఎస్ఓ పెట్టి, మెనూలో కనీస షట్టర్ స్పీడ్ 1/125 అని చెప్పే సదుపాయం ఉంటే అది కూడా పెట్టుకోండి. రోజువారీ ఫొటోల్లో ఎక్కువభాగం దీంతో గట్టెక్కుతాయి. నేను ఇప్పటికీ చాలావరకు ఇలాగే తీస్తాను.

మాన్యువల్ ఎప్పుడు కావాలంటే, వెలుగు మారకుండా ఉండి ఫ్రేములో రంగులు మారిపోతున్నప్పుడు. స్టేజీ మీద ఒకే దీపం కింద ఒకరు తెల్ల బట్టల్లో, ఇంకొకరు నల్ల బట్టల్లో వస్తుంటే ఆటో ప్రతిసారీ మనసు మార్చుకుంటుంది. అప్పుడు మాన్యువల్‌లో ఒక్కసారి సెట్ చేసి వదిలేయడమే సుఖం. ఎందుకు మనసు మార్చుకుంటుందో తర్వాతి ప్రశ్నలో ఉంది.

తెల్లగోడ ఫొటో తీస్తే బూడిదరంగులో వస్తోంది. కెమెరా పాడైందా?

పాడవలేదు. ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. కిటికీ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, ఫ్రేము మొత్తం అదే నిండేలా ఆటోలో ఒక ఫొటో తీయండి. అదే చోట నల్లగుడ్డ పరిచి ఇంకోటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మతిపోతుంది: ఏది కాగితమో ఏది గుడ్డో వెంటనే చెప్పలేనంతగా రెండూ బూడిదరంగులోకి వచ్చేస్తాయి.

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కు ఎదురుగా ఉన్నది కాగితమో గుడ్డో తెలియదు. దాని నుంచి ఎంత వెలుగు వస్తోందో ఒక్కటే తెలుసు. లోకం సగటున మధ్యస్థ బూడిదరంగులో, అంటే పడిన వెలుగులో సుమారు 18 శాతం తిప్పికొట్టేలా ఉంటుందనే లెక్కతో దాన్ని తయారుచేశారు. తెల్లది కనిపిస్తే 'అమ్మో ఎక్కువ వెలుగు' అని తగ్గిస్తుంది, నల్లది కనిపిస్తే పెంచుతుంది. ఈమధ్య కెమెరాలు, ఫోన్లు ముఖాలను, దృశ్యాలను గుర్తుపట్టి కాస్త తెలివిగా ఉంటున్నాయి కానీ మంచు, తెల్ల ఇసుక, తెల్ల బట్టలు ఫ్రేము నిండా ఉంటే ఇప్పటికీ బోల్తా పడతాయి.

మందు చాలా చిన్నది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఒకటి కెమెరా మీద ఉంటుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. తెల్లది ఎక్కువుంటే ప్లస్ 1 నుంచి ప్లస్ ఒకటిన్నర, నల్లది ఎక్కువుంటే మైనస్ 1. 'ఇది తెల్లదే, నేను చెప్తున్నాను కదా' అని కెమెరాకు నచ్చజెప్పడం అన్నమాట. నన్నడిగితే కొత్తవాళ్లు మాన్యువల్ మోడ్ కన్నా ముందు ఈ బటన్ నేర్చుకోవాలి.

కిటికీకి వీపు పెట్టి నిలబడిన మనిషి ముఖం నల్లగా రావడం కూడా ఈ బాపతే. మన కన్ను బయటి ఎండనూ లోపలి ముఖాన్నీ ఒకేసారి సంబాళించుకుంటుంది, సెన్సర్‌కు అంత సత్తువ లేదు. ప్లస్ పెడితే ముఖం వస్తుంది, కిటికీ తెల్లగా తేలిపోతుంది. లేదంటే మనిషిని కిటికీ వైపు తిప్పండి. నేనైతే రెండోదే చేస్తాను.

ఫొటో షార్ప్‌గా రావడం లేదు. ఏం చేయాలి?

ముందు ఏ రకం మసకో తేల్చుకోండి. ఫొటోను పూర్తి సైజుకి పెంచి చూడండి. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే దిక్కుకు సాగి, దీపాలు చుక్కలుగా కాకుండా చిన్న గీతలుగా వస్తే మీ చెయ్యి కదిలింది. గోడ, కుర్చీ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే అలుక్కుపోతే మనిషి కదిలాడు. ఈ రెండింటికీ షట్టర్ స్పీడ్ పెంచడమే మందు. ముక్కు మసకగా ఉండి వెనకున్న కర్టెన్ పూలు స్పష్టంగా ఉంటే మాత్రం ఫోకస్ తప్పింది. దానికి షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా లాభం లేదు.

ఫోకస్ ఎందుకు తప్పుతుందంటే, ఫోకస్ పాయింట్లన్నీ (ఫ్రేములో ఫోకస్ పట్టగల చోట్లు) కెమెరాకే వదిలేస్తే అది ఎక్కువగా దగ్గరున్నదాన్నో, గీతలు బలంగా ఉన్నదాన్నో పట్టుకుంటుంది. సింగిల్ పాయింట్ పెట్టుకుని కంటి మీద ఉంచండి. కొత్త కెమెరాల్లో కంటిని గుర్తుపట్టే ఏర్పాటు ఉంటే దాన్నే నమ్మండి, మనకన్నా అదే నయం. షట్టర్ బటన్‌ను సగం నొక్కితే ఫోకస్ కుదురుతుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. ఈ సగం నొక్కడం వేలికి అలవాటయ్యే దాకా ఊరికే కుర్చీలో కూర్చుని సాధన చేయండి. కదిలేవాటికి కంటిన్యుయస్ ఫోకస్ వాడాలి, కానన్‌లో దాన్ని ఏఐ సర్వో లేదా సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ.

పువ్వునో పురుగునో తీస్తూ మరీ దగ్గరికి వెళ్తే లెన్స్ అటూ ఇటూ వెతుక్కుంటూ ఉండిపోతుంది. ప్రతి లెన్స్‌కి ఇంతకన్నా దగ్గర ఫోకస్ చేయలేననే హద్దు ఒకటుంటుంది. ఒక అడుగు వెనక్కి వేయండి.

పట్టుకునే తీరు కూడా చూసుకోండి. ఎడమ అరచేయి లెన్స్ కింద ఉండాలి, పక్కన కాదు. మోచేతులు రెండూ డొక్కలకు ఆనించండి. ఊపిరి సగం వదిలి నొక్కండి. గోడ కనిపిస్తే గోడకు ఆనుకోండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఎలా వస్తుంది? కిట్ లెన్స్‌తో రాదా?

వస్తుంది, కాస్త ఒళ్లు వంచాలి. బ్లర్ ఎపర్చర్ ఒక్కదానితోనే రాదు. మీరు మనిషికి ఎంత దగ్గరగా ఉన్నారు, వెనకున్నవి మనిషికి ఎంత దూరంగా ఉన్నాయి, ఎంత జూమ్ చేశారు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55 కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేయండి, ఎఫ్ నంబర్ ఎంత తగ్గితే అంత తగ్గించండి, చాలా లెన్సుల్లో అది 5.6. మనిషిని గోడకు ఆనుకోనివ్వకండి. నాలుగైదు మీటర్లు ముందుకు రప్పించి, మీరు తల, భుజాలు ఫ్రేము నిండేంత దగ్గరికి వెళ్లండి. వెనక గోడ మెత్తబడుతుంది.

ఫోన్ల పోర్ట్రెయిట్ మోడ్ వేరే కథ. సెన్సర్ చిన్నది కావడం వల్ల అక్కడ నిజమైన బ్లర్ తక్కువ, సాఫ్ట్‌వేర్ మనిషి అంచులు కత్తిరించి వెనకాల మసక పూస్తుంది. రేగిన జుట్టు, కళ్లజోడు అంచు దగ్గర దొరికిపోతుంది.

ఒక మాట, ఈ బ్లర్ పిచ్చి అందరికీ మొదటి ఏడాది పడుతుంది, నాకూ పట్టింది. అప్పట్లో తీసిన ఫొటోలు ఇప్పుడు చూస్తుంటే ఎవరి ముఖమో తెలుస్తోంది కానీ ఎక్కడ తీశానో తెలియడం లేదు.

కిట్ లెన్స్ తర్వాత ఏది కొనాలి?

ఆరు నెలలు ఆగండి. ఆ తర్వాత కూడా ఇంట్లో, మసక వెలుతురులోనే ఇబ్బంది అనిపిస్తే ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ ఒకటి తీసుకోండి. ప్రైమ్ అంటే జూమ్ లేనిది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దగ్గర దాదాపు పదిరెట్లు వెలుగు లోపలికి వస్తుంది. ఐఎస్ఓ 3200 పెట్టాల్సిన చోట 400 లోపే సరిపోతుంది. క్రాప్ సెన్సర్ కెమెరాలో 50 ఎంఎం లెన్స్ 75, కానన్ అయితే 80 ఎంఎం లాగా కనిపిస్తుంది. ముఖాలకు అది బాగుంటుంది కానీ చిన్న గదిలో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. అన్నిటికీ ఒకటే కావాలంటే క్రాప్ సెన్సర్‌కు 35 ఎంఎం మేలు.

ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉంటే ఫొటో బాగుంటుందా?

24 మెగాపిక్సెల్స్ అంటే 6000 అడ్డం, 4000 నిలువు పిక్సెల్స్. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే 20 అంగుళాల వెడల్పు దాకా వస్తుంది. 4కే టీవీ తెరకు కావలసింది 8 మెగాపిక్సెల్స్ పైచిలుకు అంతే. స్టీవెన్ శాసన్ 1975లో కొడాక్‌లో తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరాకు ఉన్నది 0.01 మెగాపిక్సెల్, ఒక ఫొటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అక్కడినుంచి ఎంత దూరం వచ్చామో చూస్తే మీ చేతిలో ఉన్నది చాలు.

సెల్ఫీలో ముక్కు పెద్దగా ఎందుకు వస్తుంది?

దూరం వల్ల. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు సుమారు 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. చెవులతో పోలిస్తే ముక్కు చాలా దగ్గర, కాబట్టి పెద్దగా కనిపిస్తుంది. రెండు మీటర్ల నుంచి తీస్తే ముక్కు 200, చెవులు 212. తేడా పోయింది. లెన్స్‌ను తిట్టకండి, వెనక్కి జరిగి జూమ్ చేయండి.

ఫొటోకి మంచి వెలుగు ఎప్పుడు దొరుకుతుంది?

పొద్దున సూర్యుడు లేచిన గంట, సాయంత్రం దిగే ముందు గంట అని అందరూ చెప్తారు, నిజమే. అప్పుడు వెలుగు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. పక్కనుంచి పడుతుంది కాబట్టి ప్రతి వస్తువుకీ ఒక వైపు నీడ ఏర్పడి రూపం తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం నడినెత్తి నుంచి పడే ఎండలో కళ్లు రెండూ గుంటల్లా నల్లబడతాయి. అప్పుడు తీయక తప్పకపోతే మనిషిని వరండా అంచులోకి, చెట్టునీడ చివరకి తీసుకెళ్లండి. నీడలో నిలబడి వెలుగు వైపు చూడాలి.

కానీ వెలుగు నేర్చుకోవడానికి సూర్యోదయం దాకా ఆగక్కర్లేదు. ఒక కిటికీ, ఒక తెల్ల కప్పు చాలు. మిగతా లైట్లన్నీ ఆర్పేసి కప్పును కిటికీకి రెండడుగుల దూరంలో బల్ల మీద పెట్టండి. కిటికీ మీ వెనక ఉండేలా నిలబడి చూస్తే కప్పు చదునుగా, అతికించిన కాగితంలా ఉంటుంది. నెమ్మదిగా పక్కకు నడవండి. కిటికీ మీకు పక్కకు వచ్చేసరికి కప్పు ఒక వైపు తెల్లగా, ఇంకో వైపు ముదురుగా మారి గుండ్రంగా లేస్తుంది. పిడి నీడ కప్పు ఒంటి మీదే పడుతుంది. ఇంకా నడిచి కిటికీ కప్పు వెనక్కి వచ్చేలా నిలబడితే కప్పు నల్లబడి, అంచు మాత్రం వెండితీగలా మెరుస్తుంది. ఇప్పుడు చీకటి వైపు పక్కన ఒక తెల్ల కాగితం నిలబెట్టండి, నీడ కరుగుతుంది. స్టూడియోల్లో పెద్ద పెద్ద సామాన్లతో చేసేది కూడా ఇంచుమించు ఇదే.

ఫ్లాష్ వేస్తే ముందువాళ్లు తెల్లగా, వెనక చీకటిగా వస్తోంది?

ఫ్లాష్ వెలుగు దూరంతో చాలా త్వరగా చచ్చిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు సరిపోయేలా పెడితే నాలుగు మీటర్ల దూరంలో ఉన్నవాళ్లు చీకట్లోకి పోతారు. అందరినీ ఒకే వరసలో నిలబెట్టండి, ఐఎస్ఓ పెంచి గదిలో ఉన్న వెలుగును కూడా కలుపుకోండి. విడిగా పెట్టుకునే ఫ్లాష్ ఉంటే తెల్ల సీలింగ్ వైపు తిప్పి కొట్టండి, వెలుగు పైనుంచి మెత్తగా దిగుతుంది. హాలు చివర కూర్చుని ఫోన్ ఫ్లాష్ కొట్టేవాళ్లు తమ ముందు వరుస తలలకు మాత్రమే వెలుగిస్తున్నారు.

లైట్ల కింద ఫొటోలు పసుపుగా వస్తున్నాయి. కొన్నిట్లో అడ్డచారలు కూడా.

రెండూ వేర్వేరు జబ్బులు. పసుపు రంగుకు వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగ్, సరిచేయాలి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: పాతకాలం బల్బు వెలుగు సుమారు 2700 కెల్విన్, మధ్యాహ్నపు ఎండ 5500 చుట్టుపక్కల. బల్బు కింద కాగితం నిజంగానే పసుపుగా ఉంటుంది, మన మెదడు దాన్ని సర్దేసి తెల్లగా చూపిస్తుంది. కెమెరాలో బల్బు గుర్తున్న సెట్టింగ్ పెట్టండి. పూర్తిగా తెల్లగా చేయాలని పట్టుబట్టకండి, దీపం వెలుగు కాస్త పసుపుగా ఉంటేనే దీపంలా ఉంటుంది.

చారలు కరెంటు వల్ల. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, 60 ఉన్న చోట 120 సార్లు. షట్టర్ స్పీడ్‌ను మొదటి చోట 1/50 లేదా 1/100, రెండో చోట 1/60 లేదా 1/125 దగ్గర పెడితే చాలావరకు పోతాయి. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడుతుంటే ఆపేయండి, చారలు అందులోనే ఎక్కువ.

రా ఫైల్స్ తీయాలా, జేపెగ్ చాలా?

సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచేది రా ఫైల్, కెమెరాయే మెరుగులు దిద్ది కుదించి ఇచ్చేది జేపెగ్. ఎడిట్ చేసే ఓపిక ఉంటే రా, లేకపోతే జేపెగ్. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి, 14 బిట్ రా ఫైల్లో 16,384. నీడల్ని పైకి లాగినప్పుడు, రంగు సరిచేసినప్పుడు ఆ మెట్లు అక్కరకొస్తాయి. మొదట్లో రెండూ కలిపి తీసుకోండి. ఎడిట్ చేయడం మోసం కదా అని కొందరు అడుగుతారు. పేరున్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ డార్క్‌రూమ్‌లో ఒకే నెగటివ్‌ను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ప్రింట్ వేస్తూ ఎక్కడ ముదురు చేయాలి, ఎక్కడ తేలిక చేయాలి అని మార్చుకుంటూ ఉండేవాడు. లేనిదాన్ని ఉన్నట్టు చూపి వార్త అంటే మోసం. నీడ కాస్త తగ్గిస్తే కాదు.

రూల్ ఆఫ్ థర్డ్స్ తప్పనిసరా?

ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టమంటుంది ఈ సూత్రం. మనిషిని ఎప్పుడూ నడిమధ్యలో నిలబెట్టే అలవాటు మానడానికి పనికొస్తుంది, అక్కడితో దాని పని అయిపోయింది. నేనైతే దీనికన్నా అంచులు చూడమంటాను. నొక్కేముందు కన్ను ఒకసారి ఫ్రేము నాలుగు అంచుల చుట్టూ తిప్పండి. సగం తెగిన చెయ్యి, మూలన చెప్పు, తల వెనకనుంచి కొమ్ములా మొలిచిన కరెంటు స్తంభం అన్నీ అక్కడే దొరుకుతాయి. ఎదురుగా మనిషి ఉంటే మన మెదడు స్తంభాన్ని చూడదు, కెమెరా చూస్తుంది.

పిల్లల్ని తీసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోండి. నీళ్లుంటే అంచు వంకరపోకుండా చూసుకోండి. మిగతాది తీస్తూ తీస్తూ వస్తుంది.

రోజూ ఎలా ప్రాక్టీస్ చేయాలి?

ఒకసారికి ఒకటే మార్చండి. ఒక వారమంతా ఎఫ్ నంబర్ ఒక్కటే మార్చుతూ ఒకే వస్తువును తీయండి, తర్వాతి వారం షట్టర్. సాయంత్రం కంప్యూటర్ మీద చూసేటప్పుడు ప్రతి ఫొటోకీ కెమెరా రాసిపెట్టిన నంబర్లు, అంటే ఎక్సిఫ్ వివరాలు, తెరిచి చూడండి. నచ్చిన ఫొటోకి కాదు, చెడిపోయినదానికి చూడండి. 'ఓహో, 1/15 దగ్గర తీశాను' అని ఒకసారి కళ్లారా చూస్తే పది క్లాసులు విన్నట్టు. వంద తీస్తే ఐదు ఉంచుకోండి. ఆ తొంభై ఐదూ ఎందుకు పక్కన పెట్టారో చెప్పగలిగితే చాలు.

తెలియనివాళ్లను ఫొటో తీయొచ్చా?

చట్టాలు దేశానికో రకంగా ఉన్నాయి, మీరున్న చోట ఏముందో తెలుసుకోండి. చట్టం ఒప్పుకున్నా కెమెరా చూపించి తలూపి అడగండి. వద్దంటే దించేయండి. తీసినది వాళ్లకు చూపిస్తే చాలామంది నవ్వుతారు, రెండో ఫొటో ఆ నవ్వుతో ఇంకా బాగా వస్తుంది.

తీసిన ఫొటోలు పోకుండా ఎలా దాచుకోవాలి?

కనీసం మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా, క్లౌడ్ అయినా పర్లేదు. కార్డును కంప్యూటర్‌కి కాపీ చేశాక ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, రెండో కాపీ కూడా అయ్యాకే ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే చేయండి. పొరపాటున చేసేస్తే ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా బయటికి తీసేయండి. పైన కొత్తది రాయనంతవరకు పాత ఫొటోలను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది.